ఎక్కువగా వచ్చిన పైకము

పెండ్లి ఫొటోగ్రాఫరులను వలలో వేయు ఒక మోసమును గుఱించి

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ సీమలో గద్వాల ప్రధాన నగరము. కృష్ణను దాటి ఈశాన్యముగా సాగినచో వనపర్తి; ఆ పిమ్మట నాగర్‌కర్నూలు; దానికి ఆవల నల్లమల. ఒకప్పుడు గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానముల ప్రభువులు పండితులను రావించి సత్కరించిన భూమి యిది. విద్వద్గద్వాల యను పేరు ఊరక రాలేదు. కాలము మాఱినది. సంస్థానములు పోయినవి. వనపర్తి రాజప్రాసాదములో పాలిటెక్నిక్ విద్యార్థుల తరగతులు వెలసినవి. 2016 అక్టోబరు 11వ తేదీన, విజయదశమినాడు, ఈ మూడు పట్టణములును మూడు జిల్లాలకు కేంద్రములైనవి.

హైదరాబాదులో ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను కొలువున లాలా దీన్‌దయాళ్ ఛాయాచిత్రకారుడుగా నుండి రాజా బిరుదమును పొందిన కాలములో, చిత్రము తీయించుకొనుట ప్రభువులకును సంపన్నులకును చెల్లిన వేడుక. నేడు పేదవాని యింట పెండ్లికైనను ఫొటోగ్రాఫరు లేనిదే జరుగదు. మాఘ ఫాల్గుణములు వచ్చినవనగా పురోహితునకును, వంటవానికిని, బాజాభజంత్రీలవారికిని తీరిక లేనట్లే ఈతనికిని తీరిక ఉండదు. మంగళస్నానము మొదలు అప్పగింతలవరకు ఈతడు నిలిచిన కాలిమీదనే నిలుచును. పెండ్లికి ముందు వధూవరులను జూరాల ఆనకట్ట చెంతకో, కొల్లాపురము దగ్గఱి సోమశిల యొడ్డునకో కొనిపోయి చిత్రములు తీయుట నేటి క్రొత్త ఆచారము. పట్టుకొంగుల గద్వాల చీర మెఱుపు చెడకుండ వెలుతురును పట్టుకొనుట ఆతని విద్య. అంతటి నేర్పరిని ఒక టెలిఫోను మాటతో బోల్తా కొట్టించు మోసము ఒకటి దేశదేశములయందును తిరుగుచున్నది. దాని పేరు ఏదైనను దాని బీజము ఒక్కటియే: ఇవ్వవలసినదానికంటె ఎక్కువ ఇచ్చినట్లు చూపి, ఆ ఎక్కువను తిరిగి యడుగుట.

వినుటకు ఇది విడ్డూరముగా నుండును. దొంగ యనువాడు మన సొమ్ము అడుగవలెను గాని తన సొమ్ము ఎక్కువగా ఇచ్చునా? అచ్చటనే ఉన్నది కిటుకు.

ఈ వృత్తివారినే యేల?

సొంతముగా పనిచేసికొను పెండ్లి ఫొటోగ్రాఫరు బ్రతుకు తెఱువును కొంచెము పరిశీలించినచో, మోసగాడు ఈతనినే యేల ఎన్నుకొనునో తెలియగలదు.

మొదటిది, ఈతని ఫోను నంబరు రహస్యము కాదు. దుకాణపు బోర్డుమీదను, కారుమీదను, ఆల్బము అట్టమీదను, ఇన్‌స్టాగ్రాములోను అది ఉండితీరవలెను. తెలియనివారు పిలిచినప్పుడే ఈతనికి పని. అపరిచితుని పిలుపు ఇతరులకు అనుమానమును కలిగించును. ఈతనికి ఆశను కలిగించును.

రెండవది, ఈతనికి రావలసినది ఒక్కసారిగా రాదు. మాట కుదిరిననాడు బయానా, పెండ్లినాడు కొంత, ఆల్బము చేతికిచ్చిననాడు మిగిలినది. కావున ఎవరో ముందుగా పైకము పంపెదమనుట ఈతనికి క్రొత్తగా తోచదు. పైగా బయానా అందనిదే తేదీని నిలిపి ఉంచుట ఎంత కష్టమో అనుభవముచేత ఎఱిగినవాడు గనుక, అడుగకుండగనే బయానా ఇచ్చువానిని మంచివానిగా తలంచును.

మూడవది, ఈతడు ఒకరినుండి తీసికొని పలువురకు పంచువాడు. వీడియో తీయువాడు, డ్రోను ఎగురవేయువాడు, దీపములు పట్టువాడు, ఆల్బము అచ్చువేయువాడు — వీరందఱకు ఈతని చేతిమీదుగనే డబ్బు పోవును. “మీకు పంపిన దానిలో కొంత మఱియొకరికి ఇచ్చివేయుడు” అను మాట ఒక బడిపంతులుతో ననినచో ఆయన నవ్వును. ఫొటోగ్రాఫరుతో ననినచో ఆతడు సరేయనును. ఆతని దినచర్యయే అది.

నాలుగవది, ఈతనికి గుమాస్తా లేడు, లెక్కలు చూచు కచేరీ లేదు. ఒకవైపు కెమెరా భుజమున వ్రేలాడుచుండగా, వేఱొకవైపు పెండ్లివారు తొందరపెట్టుచుండగా, ఆ సందడిలోనే ఫోనెత్తి మాటలాడవలెను. మోసగానికి కావలసినది ఆ సందడియే.

వల పన్ను విధము

మన దేశములో ఈ మోసము తఱుచుగా నడచు తీరు ఇట్లుండును. అంకెలు బోధపడుటకు వేసికొనినవి మాత్రమే.

ఒకనాడు ఫోను వచ్చును. పిలిచినవాడు మర్యాదస్థుడు. తాను సైన్యములో ఉద్యోగిననియు, సరిహద్దులో నున్నాననియు, చెల్లెలి వివాహము వనపర్తిలో జరుగుననియు చెప్పును. గుర్తింపు కార్డు బొమ్మను కూడ పంపును. బేరమాడడు. నలువదివేల రూపాయలనిన నలువదివేలకు ఒప్పుకొనును. ఏ ముహూర్తమున లగ్నము, ఎందఱు చుట్టములు, ఏయే కార్యములకు చిత్రములు కావలెను అని ఫొటోగ్రాఫరు అడిగినచో ఆ సంగతులన్నియు తరువాత చూచుకొందమనును. ఇప్పుడే ఐదువేలు బయానా పంపెదననును.

మఱుక్షణమున ఫోనులో ఒక సందేశము: ఖాతాలో యాబదివేలు జమయైనవి. వెంటనే పిలుపు: “అన్నా, పొరపాటున ఒక సున్నా ఎక్కువ పడింది. ఐదువేలు మీరు ఉంచుకోండి. మిగతా నలభై ఐదువేలు వెంటనే తిప్పి పంపండి. ఆస్పత్రిలో అమ్మకు కట్టవలసిన డబ్బు అది.”

నిజమున ఖాతాలో ఒక్క పైసయు పడలేదు. ఆ సందేశమును పంపినది బ్యాంకు కాదు. ఆ పిలిచినవాడే తన ఫోనునుండి బ్యాంకు భాషలో వ్రాసి పంపినాడు. కొందఱు డబ్బు చెల్లించినట్లు తెరమీద చూపు నకిలీ యాపులను వాడి, ఆ తెర బొమ్మను సాక్ష్యముగా పంపుదురు. ఫొటోగ్రాఫరు నిలువను చూచుకొనక, పరుల సొమ్ము తనయొద్ద నిలువరాదను తొందరలో, నలువదియైదువేలు పంపివేయును. ఆ పోయినది మాత్రము నిజమైన పైకము. అది చెమటోడ్చి ఆర్జించినది.

సైనికుని వేషము ఊరక కల్పించి చెప్పినది కాదు. పాత వస్తువులను అమ్మి కొను వ్యవహారములలో ఈ వేషముతో పెక్కుమందిని ముంచిన ముఠాలను 2020 ప్రాంతమున హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు పట్టుకొనిరి. వారిలో పలువురు రాజస్థానమందలి భరత్‌పూర్ ప్రాంతమువారు. సైనికుడనినచో మన ప్రజలకు గౌరవము. దూరముననుండుటకును, ఎదుటికి రాలేకపోవుటకును ఆ ఉద్యోగమే కారణముగా చెప్పవచ్చును. ఆ రెండు సౌకర్యములను చూచియే మోసగాడు ఆ వేషమును ధరించినాడు.

సముద్రము దాటినచో

ఈ మోసమునకు అసలైన పుట్టిల్లు చెక్కు. అమెరికాలో డల్లాసునందును, న్యూజెర్సీయందును తెలుగువారి పెండ్లిండ్లు ఇచ్చటి వైభవముతోనే జరుగుచున్నవి. ఆ పెండ్లిండ్లకు చిత్రములు తీయువారిలోను సొంతముగా పనిచేసికొను తెలుగువారు కలరు. ఆ దేశపు ఫొటోగ్రాఫరులకు వచ్చు ఉత్తరము మఱియొక విధముగా నుండును.

వ్రాసినవారు తమకు వినికిడి లేదనియో, ఆసుపత్రిలో నున్నామనియో, కావున ఫోనులో మాటలాడలేమనియో వ్రాయుదురు. కుటుంబవేడుక యనుదురు. రెండువేల డాలర్ల పనికి ఐదువేల డాలర్ల చెక్కు వచ్చును. అది సామాన్యమైన చెక్కు కాదు. బ్యాంకే పూచీపడి వ్రాసినట్లు కనబడు క్యాషియరు చెక్కు. “మిగిలిన మూడువేలు మా వేడుకను నడుపు వ్యక్తికి పంపుడు, ఆయన కార్డులు తీసికొనడు” అని వెంట ఒక జాబు. ఫొటోగ్రాఫరు చెక్కును ఖాతాలో వేయును. మఱునాడో మూడవనాడో ఆ సొమ్ము ఖాతాలో వాడుకొనుటకు సిద్ధముగా కనబడును. ఆతడు మూడువేలు పంపును. కొన్నిదినములకో, కొన్ని వారములకో చెక్కు నకిలీయని తేలి బ్యాంకు ఆ ఐదువేలను ఖాతానుండి తీసివేయును. పంపిన మూడువేలు పోయినట్లే.

ఇచ్చట ఒక ప్రశ్న. చెక్కు నకిలీయైనప్పుడు బ్యాంకు మొదట సొమ్మును ఏల చూపెను? దీనికి కారణము ఆ దేశపు చట్టమే. వెనుకటి కాలమున అమెరికా బ్యాంకులు చెక్కులను వేసికొని, సొమ్మును చాలకాలము ఖాతాదారునకు అందనిచ్చెడివి కావు. ఆ యిబ్బందిని తీర్చుటకై 1987లో చేసిన చట్టము కొన్నివిధముల చెక్కుల సొమ్మును నియమితమైన గడువులోపల వాడుకొననీయవలెనని శాసించినది. క్యాషియరు చెక్కు సొమ్ము సాధారణముగా మఱునాడే అందును. ప్రజల మేలుకై చేసిన ఆ శాసనము మంచిదే. కాని సొమ్ము వాడుకొనుటకు అందుట వేఱు, చెక్కు నిజమని తేలుట వేఱు. ఆ రెంటి నడుమ మిగిలిన సందులో మోసగాడు కాపురము పెట్టినాడు. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషను ఈ సంగతినే మాటిమాటికి ప్రజలకు హెచ్చరించుచున్నది.

చిక్కు లెక్క

ఉపాధ్యాయులు తరగతిలో పిల్లల తెలివిని పరీక్షించుటకు చెప్పు పాత లెక్క యొకటి కలదు. ఒకడు దుకాణమునకు వచ్చి ముప్పది రూపాయల చెప్పులు కొని నూఱు రూపాయల నోటు ఇచ్చెను. దుకాణదారునియొద్ద చిల్లర లేదు. ప్రక్క దుకాణమువానికి ఆ నోటిచ్చి చిల్లర తెచ్చి, డెబ్బది రూపాయలు కొనినవానికి ఇచ్చెను. వాడు చెప్పులతో వెడలిపోయెను. సాయంకాలము ప్రక్క దుకాణమువాడు వచ్చి నోటు దొంగదని చూపి తన నూఱు తాను తీసికొనెను. చెప్పుల దుకాణదారునకు నష్టమెంత?

పిల్లలలో పలువురు రెండువందలందురు. కొందఱు నూటముప్పది యందురు. సరియైన సమాధానము నూఱు రూపాయలు: డెబ్బది రొక్కము, ముప్పది రూపాయల చెప్పులు. ప్రక్కవానికి ఇచ్చిన నూఱు, వానియొద్ద తెచ్చిన నూఱు చెల్లుకు చెల్లు.

ఫొటోగ్రాఫరు కథయు ఈ లెక్కయే. దొంగ నోటు స్థానమున దొంగ చెక్కు, లేదా దొంగ సందేశము. ప్రక్క దుకాణమువాని స్థానమున బ్యాంకు. చిల్లర స్థానమున “తిప్పి పంపుమనిన మిగత”. చెప్పుల స్థానమున మాత్రము వస్తువేమియు లేదు; దానికి బదులు ఆ తేదీన రావలసిన అసలైన పెండ్లి బేరము చేజాఱును. మోసగానికి ఫొటోలు అక్కఱలేదు, పెండ్లియు లేదు. ఆతడు వచ్చినది చిల్లర కొఱకే.

ఈ లెక్క నేర్పు నీతి యొకటి కలదు. దుకాణదారుడు అత్యాశపరుడు కాడు. చిల్లర ఇవ్వకపోవుట అధర్మమని తెలిసినవాడు గనుకనే ప్రక్క దుకాణమునకు పరుగెత్తినాడు. అట్లే, ఎక్కువ వచ్చినదనగానే తిరిగి పంపు ఫొటోగ్రాఫరు లోభి కాడు. పరధనము పామువంటిదని పెద్దలు నేర్పిన సంస్కారము ఆతనిచేత మీట నొక్కించుచున్నది. లాటరీ మోసము మనలోని ఆశను పట్టుకొనును; ఈ మోసము మనలోని మంచిని పట్టుకొనును. కావుననే దీనిలో పడినవారిని చూచి “దురాశకు ఫలము” అని నవ్వుట న్యాయము కాదు. ఆ నవ్వునకు వెఱచియే పలువురు పోయిన సొమ్మును గుఱించి ఎవరితోను చెప్పరు. చెప్పకపోవుటచేత మోసగానికి కాలము చిక్కును.

చెక్కు తిరుగు దారి

చెక్కు యనునది ధనము కాదు. ధనము ఇవ్వుడని బ్యాంకునకు వ్రాసిన ఆజ్ఞ. మన దేశములో దీనిని పాలించునది 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టము. ఖాతాలో సొమ్ములేక చెక్కు తిరిగివచ్చినచో శిక్ష విధించు 138వ సెక్షను 1989 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. కాని ఆ సెక్షను చెక్కు వ్రాసినవాడు ఎవడో తెలిసినప్పుడే పనికివచ్చును. చెక్కే నకిలీయైనప్పుడు, పేరే కల్పితమైనప్పుడు ఎవనిమీద వ్యాజ్యము వేయగలము?

ఒకప్పుడు చెక్కు కాగితము ఊరినుండి ఊరికి ప్రయాణము చేసెడిది. గద్వాలలో వేసిన దూరపు బ్యాంకు చెక్కు పోయి రావలెననిన దినములు గడచెడివి. 2008లో న్యూఢిల్లీలో మొదలైన విధానముతో కాగితమునకు బదులు దాని బొమ్మ ప్రయాణము చేయసాగినది. 2021 జనవరినుండి యాబదివేల రూపాయలును అంతకు మించిన చెక్కులకు, వ్రాసినవారే వివరములను ముందుగా తమ బ్యాంకునకు తెలుపు ఏర్పాటును రిజర్వు బ్యాంకు ప్రవేశపెట్టినది. 2025 అక్టోబరు 4వ తేదీనుండి చెక్కులను కట్టలుగా గాక దినమంతయు ఎడతెగకుండ పరిష్కరించు పద్ధతి వచ్చినది. ఇట్లు చెక్కునకును సొమ్మునకును నడుమనున్న దూరము తగ్గుచు వచ్చినది.

అయినను జాగ్రత్త వహింపవలసిన చోటు కలదు. ఖాతా వివరములలో మొత్తము నిలువ యనియు, వాడుకొనదగిన నిలువ యనియు రెండు అంకెలు ఉండవచ్చును. ఇంకను పరిష్కారము కాని చెక్కు మొదటి అంకెలో కనబడి, రెండవ అంకెలో కనబడకపోవచ్చును. “చెక్కు స్వీకరింపబడినది” అను సందేశము “చెక్కు చెల్లినది” అని కాదు. మొదటి అంకెను చూచి సొమ్ము పంపువాడు, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమనిన చందమున వ్యవహరించినవాడగును.

ఈ మూడు జిల్లాలు ఏర్పడిన 2016వ సంవత్సరముననే యూపీఐ విధానమును దేశములో ప్రారంభమైనది. కూరగాయల గంప ముందర సైతము నేడు ఆ నలుపు తెలుపు గడుల చతురము కనబడును. చెక్కులోనున్న ఆలస్యము దీనిలో లేదు. పైకము క్షణములో చేరును. ఆలస్యము లేనందువలన అమెరికా చెక్కు మోసము ఇచ్చట ఉన్నదున్నట్లు నడువదు. కావుననే మోసగాడు సందును వెదకి సందేశమునందు కనుగొన్నాడు. పైకము క్షణములో వచ్చునను నమ్మకము మనకు ఎంత అలవాటైనదనగా, వచ్చినదని ఎవడు చెప్పినను నమ్ముచున్నాము.

ఆనవాళ్లు

ఈ మోసమును గుర్తించుటకు పెద్ద చదువు అక్కఱలేదు. కొన్ని ఆనవాళ్లు ఎఱిగియున్నచో చాలును.

బేరమాడనివాడు మొదటి ఆనవాలు. పెండ్లి పెట్టుకొనినవాడు రూపాయి రూపాయికి లెక్క చూచుకొనును. పది దుకాణములు తిరుగును. పని ఎట్లు చేయుదురని అడుగక ధరకు ఒప్పుకొనువానికి పనితో పని లేదని తెలియవలెను.

ఊరి సంగతి తెలియకపోవుట రెండవది. వనపర్తిలో పెండ్లి యనువాడు ఏ ఫంక్షను హాలో చెప్పలేడు. ఏ యింటివారో చెప్పలేడు. ఈ చిన్న పట్టణములలో పెండ్లి రహస్యము కాదు. వధువు మేనమామ పేరు అడిగినచో సగము కథ తేలిపోవును. ఎదుటికి వచ్చి మాటలాడుదమనినను, మీ బంధువునొకరిని స్టూడియోకు పంపుడనినను మోసగాడు తప్పించుకొనును.

అడిగినదానికి మించి వచ్చుట మూడవది, ఇదియే ముఖ్యమైనది. ఐదువేలకు యాబదివేలు పడినదనుటలో పొరపాటు జరుగరాదని లేదు. కాని ఆ పొరపాటునకు వెంటనే తొందర తోడైనచో అది పొరపాటు కాదు, ఎఱ.

తొందర నాలుగవది. ఆసుపత్రి, రైలు, సరిహద్దు, అంత్యక్రియలు — కారణమేదైనను దాని పని యొక్కటే: నిలువను చూచుకొనుటకు వ్యవధి లేకుండ చేయుట.

పైకము వచ్చుటకు మీట నొక్కుమనుట ఐదవది. యూపీఐ పిన్ అను రహస్యపు అంకె మన సొమ్మును పంపుటకును, మన నిలువను చూచుకొనుటకును వాడబడును. సొమ్ము పుచ్చుకొనుటకు అది ఎన్నడును అక్కఱలేదు. చతురపు గుర్తును స్కాను చేయుట కూడ ఇచ్చుటకే గాని పుచ్చుకొనుటకు కాదు. “ఈ గుర్తును స్కాను చేయండి, బయానా మీకు వస్తుంది” అనువాడు తలక్రిందులుగా చెప్పుచున్నాడు. ఒకరినొకరు సొమ్ము అడుగుటకు యూపీఐలో ఉండిన అభ్యర్థన పద్ధతిని మోసగాండ్రు విరివిగా వాడుకొనుటచేత, వ్యక్తుల మధ్య దానిని 2025 అక్టోబరునుండి నేషనల్ పేమెంట్స్ కార్పొరేషను నిలిపివేసినది. ఒక ద్వారము మూసినను మోసగాడు మఱియొక ద్వారము వెదకును గాన, ద్వారములను కాదు, సూత్రమును గుర్తుంచుకొనవలెను.

ఆ సూత్రమిది: సందేశమును చూడకుము, ఖాతాను చూడుము. ఎదుటివాడు పంపిన బొమ్మను గాని, సందేశములోని లంకెను గాని ముట్టక, తన బ్యాంకు యాపును తాను తెఱచి నిలువను చూచుకొనవలెను. ఇందుకు అర నిమిషము పట్టును. ఆ అర నిమిషమును ఇవ్వనివానికి తేదీని ఇవ్వరాదు.

నిజముగానే వచ్చినచో

కొన్నిసార్లు సొమ్ము నిజముగానే ఖాతాలో పడియుండును. అప్పుడు తిరిగి పంపుట ధర్మము కాదా యని విద్యార్థి అడుగును. అడుగదగిన ప్రశ్నయే.

ఆ సొమ్ము ఎవరిది? పిలిచినవానిది కాకపోవచ్చును. మఱియొక ఊరిలో మఱియొకరిని మోసగించి, ఆ సొమ్మును తిన్నగా తన ఖాతాలోనికి రప్పించుకొనక, ఒక అమాయకుని ఖాతాగుండ త్రిప్పించుకొనుట నేటి మోసగాండ్ర యెత్తు. ఫొటోగ్రాఫరు ఆ సొమ్మును పిలిచినవాడు చెప్పిన వేఱొక నంబరునకు పంపినచో, తెలియకుండగనే దొంగసొమ్మునకు త్రోవయగును. పోలీసులు సొమ్ము జాడను పట్టుకొని వచ్చినప్పుడు ఆతని ఖాతా స్తంభింపబడవచ్చును. పెండ్లిండ్ల నెలలో ఖాతా కదలకున్నచో ఆతని గతి యేమి? డ్రోనువానికి ఇవ్వలేడు, ఆల్బము అచ్చుకు కట్టలేడు.

కావున ధర్మమును విడువనక్కఱలేదు. ధర్మమునకు దారి మార్చవలెను. పొరపాటున పంపితిననువానికి చెప్పవలసిన మాట ఇది: “అయ్యా, మీ బ్యాంకులో ఫిర్యాదు చేయండి. నా బ్యాంకు నన్ను అడిగినప్పుడు నేను అభ్యంతరం చెప్పను.” ఆ సొమ్మును ఖర్చుచేయక అట్లే ఉంచి, తన బ్యాంకునకు వ్రాతమూలముగా తెలుపవలెను. నిజముగా పొరపాటు చేసినవాడు బ్యాంకు మాట విని ఊరట పొందును. మోసగాడు బ్యాంకు పేరు వినగానే మాయమగును. బంగారమునకు గీటురాయివంటిది ఈ ఒక్క మాట.

ఇట్లే బయానా విషయమున ఒక నియమము పెట్టుకొనుట మేలు. ఒకరు పంపిన సొమ్ములో భాగమును మూడవవానికి చేరవేయుట తన పని కాదనియు, పురోహితునకును వంటవానికిని ఇవ్వవలసినది పెండ్లివారే ఇచ్చుకొనవలెననియు రసీదు పుస్తకముమీదనే అచ్చువేయించుకొనవచ్చును. మొగమాటమునకు మందు ముందే వ్రాసిపెట్టుకొనిన నియమము.

ఈ జాగ్రత్త ఫొటోగ్రాఫరులకే కాదు. ఫోనుమీద చీరలమ్ము గద్వాల నేతగానికిని, వేరుసెనగ బేరము చేయు వనపర్తి వర్తకునకును, గది అద్దెకిచ్చు నాగర్‌కర్నూలు గృహస్థునకును ఇదే వల మఱియొక రంగుతో పన్నబడగలదు.

పోయిన పిమ్మట

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట వృథా యందురు. ఈ విషయమున మాత్రము ఆకులు వెంటనే పట్టుకొనినచో కొంత ప్రయోజనము కలదు. మోసపోయితినని తెలిసిన నిమిషముననే 1930 అను నంబరునకు ఫోను చేయవలెను. లేదా కేంద్ర ప్రభుత్వపు జాతీయ సైబరు నేరముల పోర్టలులో ఫిర్యాదు నమోదు చేయవలెను. 2021లో కేంద్రము నెలకొల్పిన ఏర్పాటు ప్రకారము ఈ ఫిర్యాదు బ్యాంకులకు చేరి, సొమ్ము ఏ ఖాతాలో నున్నదో అచ్చట దానిని నిలిపివేయు ప్రయత్నము జరుగును. దొంగ ఆ సొమ్మును ఒక ఖాతానుండి మఱియొక ఖాతాకు తరలించుచుండును గనుక ఇది పరుగు పందెము. సిగ్గుపడి ఒక దినము ఊరకున్నచో పందెము ముగిసినట్లే. సందేశమును, నంబరును, సంభాషణను చెఱిపివేయక సాక్ష్యముగా భద్రపఱుపవలెను. మన రాష్ట్రములో ఇట్టి నేరములను చూచుటకు తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో ప్రత్యేకముగా ఏర్పడియున్నది.

మోసమునకు మన జనవ్యవహారమున నాలుగువందల ఇరువది యని పేరు. ఆ అంకె 1860 నాటి శిక్షాస్మృతినుండి వచ్చినది. 2024 జూలై 1వ తేదీనుండి ఆ స్మృతికి బదులు భారతీయ న్యాయ సంహిత వచ్చి, వంచననేరము 318వ సెక్షనునకు మాఱినది. ఏడేండ్లవరకు కారాగారము విధింపవచ్చును. కంప్యూటరు, ఫోను సాధనములతో పరుని వేషము ధరించి మోసగించినవానికి 2000 నాటి సమాచార సాంకేతిక చట్టములోని 66డి సెక్షను మూడేండ్లవరకు శిక్షను నిర్దేశించినది. అంకె మాఱినను గుణము మాఱలేదు.

బడి చేయదగిన పని

ఈ మూడు పట్టణములలోను, చుట్టుప్రక్కల పల్లెలలోను ఇంటింట ఒక ఫోను కలదు. ఆ ఫోనును బాగుగా నడపగలవారు తఱుచుగా బడిపిల్లలే. తండ్రి ఫోనులో వచ్చిన ఆంగ్లసందేశమును చదివి చెప్పునది తొమ్మిదవ తరగతి బాలిక. కావున ఈ పాఠము చేరదగిన తలుపు బడి తలుపే. చెప్పుల దుకాణపు లెక్కను చెప్పిన ఉపాధ్యాయుడు అందులోనే నోటును తీసివేసి సందేశమును పెట్టి మఱల చెప్పవచ్చును. “జమయైనది” యను సందేశమునకును జమయగుటకును గల భేదమును ఒక పాసు పుస్తకముతో చూపవచ్చును. ఆ లెక్క ఇంటికి పోవును. ఇంటినుండి స్టూడియోకును, మగ్గము కడకును, అంగడికిని పోవును.

నేటి ఫొటోగ్రాఫరులలో పెద్దవారికి ఫిల్ము కాలము జ్ఞాపకముండును. మీట నొక్కినంతమాత్రమున బొమ్మ వచ్చినదని ఆ కాలమున ఎవరును అనలేదు. రీలును చీకటిగదికి కొనిపోయి, మందునీటిలో కడిగి, వెలుతురునకెత్తి చూచిన తరువాతనే వచ్చినదో రానిదో తెలిసెడిది. కడుగకముందే పెండ్లివారితో బొమ్మ బాగుగా వచ్చినదని చెప్పిన ఫొటోగ్రాఫరు లేడు. సొమ్ము విషయమునను ఆ వృత్తి నేర్పిన ఓర్పే చాలును. సందేశము కడుగని రీలు. ఖాతాలోని నిలువయే బొమ్మ.